ఫోన్‌లో బాగానే వస్తుంది, కంప్యూటర్‌లోనే వైఫై నత్తనడక: రౌటర్ మార్చేముందు ఇవి చూడండి

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. మీది 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. రౌటర్ కింద హాల్లో టీవీ వెనక ఉంది. కంప్యూటర్ మేడమీద మీ అమ్మాయి చదువుకునే గదిలో ఉంది. పాత డెస్క్‌టాప్ కాబట్టి వైఫై కోసం చిన్న డాంగిల్ (యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చే వైఫై అడాప్టర్) కొని సీపీయూ వెనక పెట్టారు. స్పీడ్ టెస్ట్‌లో 6, 7 దాటట్లేదు. అదే టేబుల్ మీద ఫోన్ పెట్టి చూస్తే 40 పైన వస్తోంది. సాయంత్రం 7 తర్వాత ఆన్‌లైన్ క్లాసులో మాటలు తెగిపోతున్నాయి. కంపెనీవాళ్లు ‘మా వైపు అంతా బాగానే ఉంది’ అంటున్నారు. షాపులో 4 వేల రూపాయల రౌటర్ కొనమన్నారు. కొనాలా వద్దా అని అడిగారు.

ఇప్పుడే కొనకండి. జవాబు సగం మీ ప్రశ్నలోనే ఉంది. అదే టేబుల్ మీద ఫోన్‌కి 40 వస్తోందంటే బయటినుంచి ఇంటికి నెట్ వస్తోంది, రౌటర్ దాన్ని మేడమీదకి పంపగలుగుతోంది. అందుకోవాల్సిన కంప్యూటర్ దగ్గరే ఏదో అడ్డు పడుతోంది. రౌటర్ మార్చినా ఆ డాంగిల్ అక్కడే, ఆ ఇనప డబ్బా వెనకే ఉంటుంది కదండీ.

నేను 17 ఏళ్లుగా ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో నెట్‌వర్క్ పని చేస్తున్నాను. చాలామంది నాకు ఫోన్ చేసేసరికే రౌటర్ మార్చేసి ఉంటారు, ప్లాన్ 100 నుంచి 200కి పెంచేసి ఉంటారు. అయినా తేడా ఉండదు. ఎక్కడ ఆగుతోందో తెలుసుకోకుండా డబ్బు పెట్టడం చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ తెలుసుకునే పనికి పైసా ఖర్చు లేదు.

నెట్ మీ కంప్యూటర్‌కి రెండు అంచెల్లో వస్తుంది. కంపెనీ నుంచి మీ రౌటర్ దాకా ఒక అంచె. రౌటర్ నుంచి కంప్యూటర్ దాకా గాలిలో రెండో అంచె. మామూలు స్పీడ్ టెస్ట్ ఈ రెండింటినీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. అందుకే దాన్ని చూసి కంపెనీవాళ్లు మీ ఇంటి తప్పంటారు, మనం కంపెనీ తప్పంటాం. రెండు అంచెల్నీ విడగొట్టి చూడాలి.

మొదట మీకు ఒక చిన్న పరీక్ష చెబుతాను. మీ కేసులో అన్నిటికంటే ఎక్కువ ఇదే చెబుతుంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి, వైఫై మాత్రం ఆన్‌లో ఉంచండి. ఛార్జింగ్ వైరుతోనే ఫోన్‌ని కంప్యూటర్‌కి కలపండి. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉండేచోటే యూఎస్‌బీ టెథరింగ్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. కొన్ని వైర్లు ఛార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయి, ఆ ఆప్షన్ వెలగకపోతే వైరు మార్చి చూడండి. ఇప్పుడు కంప్యూటర్‌లో డాంగిల్ పీకేసి స్పీడ్ టెస్ట్ చేయండి. ఫోన్ వైఫైని అందుకుని వైరు ద్వారా కంప్యూటర్‌కి ఇస్తుంది, అంటే ఫోనే మీ డాంగిల్ అయిందన్నమాట. ఇలా చేసినప్పుడు 35, 40 వచ్చిందా, మీ కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదు, విండోస్ బాగుంది, లైన్ బాగుంది, దోషం డాంగిల్‌దీ అది ఉన్న చోటుదీ. ఇలా చేసినా 7 దగ్గరే ఉంటే కంప్యూటర్ లోపల ఏదో నెట్‌ని మింగేస్తోంది, ఆ సంగతి కింద రాశాను.

రెండో పరీక్షకి ఒక లాన్ కేబుల్ కావాలి. రౌటర్‌తో పాటు డబ్బాలో పసుపురంగుదో తెల్లదో ఒకటి వచ్చే ఉంటుంది. ఎవరిదైనా ల్యాప్‌టాప్ కింద హాల్లోకి తెచ్చి, ఆ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలిపి, ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి టెస్ట్ చేయండి. దీన్ని మధ్యాహ్నం ఒకసారి, రాత్రి 8 గంటలకి ఒకసారి చేయాలి. రెండుసార్లూ 90 పైన వస్తే కంపెనీవాళ్లు నిజమే చెబుతున్నారు. రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి అయితే 94, 95 దగ్గర ఆగుతుంది, అది లోపం కాదు. మధ్యాహ్నం 90 వచ్చి రాత్రి కేబుల్ మీద కూడా 15కి పడిపోతే మాత్రం సమస్య వాళ్లదే, మీ ఇంట్లో ఎంత సర్దినా లాభం లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ప్లాన్‌లో రాసే 100 ఎంబీపీఎస్‌లో బీ అంటే బిట్. బ్రౌజర్‌లో ఫైల్ దిగేటప్పుడు కనిపించేది బైట్లలో. 8 బిట్లు ఒక బైట్. కాబట్టి 100 ప్లాన్‌లో ఫైల్ సెకనుకి 12 ఎంబీ చొప్పున దిగుతుంటే మీకు పూర్తి స్పీడ్ వస్తున్నట్టే. ‘100కి 12 ఇస్తున్నారు’ అని కంపెనీవాళ్లతో గొడవపడినవాళ్లు నాకు తెలుసు. మీరు చూసింది స్పీడ్ టెస్ట్ అంకె కాబట్టి మీ 7 నిజంగా 7నే.

ఇప్పుడు మీ డాంగిల్ దగ్గరకి వద్దాం. గోరంత సైజులో ఉండే ఆ డాంగిళ్ల డబ్బామీద 150 ఎంబీపీఎస్ అని ఉంటుంది. వాటిలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (వైఫై వాడే రేడియో దారుల్లో ఒకటి) మాత్రమే పట్టుకుంటాయి, లోపల ఒకటే చిన్న యాంటెన్నా ఉంటుంది. ఆ 150 కూడా రౌటర్ 40 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్ (ఆ దారిలో ఒక వరస) వాడినప్పటి లెక్క. మామూలుగా ఉండే 20 వెడల్పులో దాని గరిష్ఠం 72. అది కూడా గాలిలో లింక్ స్పీడ్, అంటే రౌటర్‌కీ డాంగిల్‌కీ మధ్య కుదిరిన వేగం, చేతికి వచ్చేది అందులో సగం కాస్త అటూ ఇటూ. సిగ్నల్ బలహీనపడేకొద్దీ ఆ 72 కాస్తా 39కి, 26కి, 13కి, చివరికి 6.5కి దిగిపోతుంది. మీకు 6, 7 వస్తోందంటే మీ లింక్ ఈ మెట్ల అడుగున ఎక్కడో 13, 19 దగ్గర ఉండి ఉంటుందని నా అంచనా.

ఊహించక్కర్లేదు, చూడొచ్చు. విండోస్ 11లో సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, మీ వైఫై పేరు పక్కన ప్రాపర్టీస్ తెరిస్తే కిందికి లింక్ స్పీడ్ అనీ, నెట్‌వర్క్ బ్యాండ్ అనీ కనిపిస్తాయి. విండోస్ 10లో కూడా అదే దారి. ఆ లింక్ స్పీడ్ అంకెని ఒక కాగితం మీద రాసుకోండి. ఇకమీదట ఏ మార్పు చేసినా ముందు ఆ అంకె పెరిగిందా తగ్గిందా చూడాలి. స్పీడ్ టెస్ట్ నిమిషనిమిషానికీ మారుతుంది, ఇది అంత ఊగదు.

ఆ డాంగిల్ సీపీయూ వెనక పెట్టడమే సగం చిక్కు. క్యాబినెట్ మొత్తం ఇనుము. వెనక గోడ, కింద టేబుల్, పక్కన వైర్ల కట్ట. కింద హాల్లోంచి స్లాబు దాటి పైకి వచ్చిన కాస్త సిగ్నల్‌కి ఈ ఇనప డబ్బా అడ్డంగా నిలబడుతుంది. కిందటేడు ఇంటర్ చదివే ఒక పిల్లాడి ఇంటికి వెళ్లాను, అచ్చం మీలాంటి కేసే. సీపీయూ టేబుల్ కింద అరలో, డాంగిల్ దాని వెనక, అది గోడకి జానెడు దూరంలో. లింక్ స్పీడ్ 13 చూపిస్తోంది. నా సంచిలో ఉన్న గజం పొడుగు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసి, డాంగిల్ దాని చివర పెట్టి, టేబుల్ మీదకి తెచ్చి కిటికీ ఊచకి దారంతో కట్టాను. లింక్ 58కి ఎక్కింది. ఆ పిల్లాడు స్పీడ్ టెస్ట్ నాలుగుసార్లు చేసి చూసుకున్నాడు. ఆ కేబుల్ ఖరీదు 150 రూపాయలు. ముందు ఇది చేయండి.

డాంగిల్ ఏ రంధ్రంలో పెట్టారన్నది కూడా చూడాలి. సీపీయూకి నీలంరంగు నాలుక ఉన్న పోర్టులు యూఎస్‌బీ 3.0వి. ఆ పోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ లాంటిది పనిచేస్తుంటే దాన్నుంచి పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది, పక్కనే ఉన్న డాంగిల్‌కి రౌటర్ మాట వినబడదు. మీ చిన్న డాంగిల్‌ని నల్లరంగు పోర్టులో పెట్టండి. ఆ స్పీడ్‌కి పాత యూఎస్‌బీ 2.0 ఎంతో ఎక్కువ.

మరి సాయంత్రమే ఎందుకు మరీ పాడవుతోంది? లాన్ కేబుల్ పరీక్షలో రాత్రి కూడా 90 వస్తే దీనికి కారణం మీ వీధిలో ఉంది. 2.4 బ్యాండ్ చాలా ఇరుకు. మన దేశంలో అందులో 1 నుంచి 13 దాకా ఛానెళ్లు ఉన్నా, ఒక్కో వైఫై చుట్టుపక్కల నాలుగు ఛానెళ్ల మేర ఆక్రమిస్తుంది. ఒకదానికొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 మూడే. మీ చుట్టూ పది ఇళ్ల రౌటర్లు, వాటి కెమెరాలు, స్మార్ట్ టీవీలు, బ్లూటూత్ స్పీకర్లు అన్నీ ఆ మూడింటి మీదే పడతాయి. వైఫై పద్ధతి ఏమిటంటే, మాట్లాడేముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో వింటుంది, ఖాళీ దొరికేదాకా ఆగుతుంది. సాయంత్రం అందరూ ఇళ్లకి చేరి ఫోన్లు, టీవీలు పట్టుకున్నాక ఆ ఖాళీ దొరకదు. ఫుల్ సిగ్నల్ గీతలు కనిపిస్తూ కూడా నెట్ నడవకపోవడానికి కారణం ఇదే. సిగ్నల్ గీతలు రౌటర్ గొంతు ఎంత గట్టిగా వినబడుతోందో చెబుతాయి కానీ చుట్టూ ఎంత గోల ఉందో చెప్పవు.

ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ ఏదైనా వేసుకుని రాత్రి 8కి అమ్మాయి గదిలో నిలబడి చూడండి. ఏ ఛానెల్ మీద ఎన్ని పేర్లు ఉన్నాయో కొండల్లాగా గీసి చూపిస్తుంది. 1, 6, 11లో ఏది కాస్త ఖాళీగా ఉంటే రౌటర్‌ని దానిమీద పెట్టండి, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించండి. 3, 4 ఖాళీగా కనిపిస్తున్నాయని వాటికి వెళ్లకండి, అటు 1 వాళ్లూ ఇటు 6 వాళ్లూ ఇద్దరూ తగులుతారు. రౌటర్‌లో ఛానెల్ ఆటో మీద ఉన్నా, చాలా రౌటర్లు ఆన్ అయినప్పుడు ఒకసారి ఎంచుకుని అక్కడే కూర్చుంటాయి. పొద్దున ఖాళీగా ఉన్న ఛానెల్ రాత్రికి సంతలా ఉండొచ్చు. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లే అడ్రసు, పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. అక్కడే సెక్యూరిటీ దగ్గర టీకేఐపీ అని పాత పద్ధతి ఎంచుకుని ఉంటే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కి మార్చండి. టీకేఐపీ మీద ఎంత మంచి పరికరమైనా 54 దగ్గర ఆగిపోతుంది.

అన్నట్టు, మీ గేటు దగ్గర వైఫై కెమెరా ఉందా? మీరు రాయలేదు కానీ అడగాలి. గేటు కెమెరాకి సిగ్నల్ అందీ అందకుండా ఉంటుంది, కాబట్టి చాలా నెమ్మది లింక్‌లో, ఇరవైనాలుగు గంటలూ వీడియో పంపుతూనే ఉంటుంది. ఒకే ఛానెల్ మీద ఒకడు నత్తి నత్తిగా మాట్లాడుతుంటే మిగతా అందరూ అతను ముగించేదాకా ఆగాలి. మీ డాంగిల్‌ది కూడా అదే బ్యాండ్. క్లాసు తెగుతున్న సమయంలో ఆ కెమెరాని ఐదు నిమిషాలు ఆపి చూడండి. తేడా కనిపిస్తే కెమెరాకి రౌటర్ నుంచి వైరు లాగించండి, లేదా దాని వీడియో క్వాలిటీ ఒక మెట్టు తగ్గించండి. అలాగే వైఫై దొరగ్గానే ఫోన్లన్నీ ఫొటోలు బ్యాకప్ మొదలుపెడతాయి. పెళ్లికి వెళ్లొచ్చిన రోజు నెట్ నడవట్లేదంటే ముందు అది చూడాలి.

మీ ఫోన్‌కి ఈ గోలంతా ఎందుకు తగలట్లేదంటే అది బహుశా 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద ఉంది. ఆ బ్యాండ్ విశాలం, ఇరుగుపొరుగుల గోల తక్కువ. కాకపోతే గోడలకీ స్లాబుకీ తొందరగా నీరసపడుతుంది. ఒక స్లాబు దాటి మీ ఫోన్‌కి 40 ఇస్తోందంటే మీ గదికి అది చాలినంతగానే అందుతోంది. కాబట్టి మీరు డబ్బు పెట్టాల్సింది రౌటర్ మీద కాదు, 5 బ్యాండ్ అందుకునే అడాప్టర్ మీద. డబ్బామీద డ్యూయల్ బ్యాండ్ అనీ, ఏసీ అనో ఏఎక్స్ అనో (ఇవి వైఫై రకాల పేర్లు) ఉండాలి. బయటికి యాంటెన్నా ఉన్నది తీసుకోండి, వైరుతో టేబుల్ మీద నిలబెట్టే రకం అయితే ఇంకా మంచిది. ఏసీ రకంలో ఒక యాంటెన్నా ఉన్నదానికే 80 మెగాహెర్ట్జ్ వెడల్పులో లింక్ 433 దాకా, రెండున్నదానికి 866 దాకా వెళ్తుంది. మీ 100 ప్లాన్‌కి మొదటిది చాలు. క్యాబినెట్ విప్పించి పీసీఐ కార్డు (లోపల బిగించే వైఫై అడాప్టర్) వేయించినా సరే, కానీ దాని యాంటెన్నాలు సీపీయూ వెనక గోడలోకి చూడకుండా, వైరుతో పైకి తెచ్చుకునే రకమే వేయించండి. లేకపోతే మళ్లీ ఇనప డబ్బా వెనకకే వెళ్లినట్టు.

కొత్త అడాప్టర్ పెట్టాక రౌటర్‌లో రెండు బ్యాండ్లకీ రెండు పేర్లు పెట్టండి, 5 ఉన్నదాని చివర 5 అని చేర్చండి. కంప్యూటర్ కదిలే వస్తువు కాదు కాబట్టి దాన్ని ఆ పేరుకే కలిపి, 2.4 పేరుని కంప్యూటర్‌లో ఫర్గెట్ కొట్టేయండి. ఒకే పేరు ఉంటే ఏ బ్యాండ్ పట్టుకోవాలో అదే ఎంచుకుంటుంది, ఒక్కోసారి గీతలు ఎక్కువున్నాయని 2.4కే అతుక్కుపోతుంది.

రౌటర్ టీవీ వెనక ఉందన్నారు, దాన్ని మాత్రం అక్కణ్నుంచి తీయండి. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినవాళ్లు వైరు ఏ కిటికీలోంచి లోపలికొస్తే ఆ పక్కనే మేకు కొట్టి వెళ్లిపోతారు, అది మన ఇంటికి సరైన చోటు కానక్కర్లేదు. టీవీ వెనకంతా లోహపు పలక. బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, చేపల తొట్టి, వీటన్నిటికీ సిగ్నల్‌ని తిప్పికొట్టే గుణమో మింగేసే గుణమో ఉంది. ఇటుక గోడ కొంత వదులుతుంది, ఇనప ఊచలు అల్లిన స్లాబు అంతకన్నా తక్కువ వదులుతుంది. మీ మెట్లు ఇంటి లోపలివైతే మీరు అదృష్టవంతులు, స్లాబులో పెద్ద కన్నం అక్కడే ఉంది. రౌటర్‌ని మెట్ల దగ్గర ఐదారు అడుగుల ఎత్తులో పెడితే సిగ్నల్ ఆ మెట్లమీదుగానే పైకి వెళ్తుంది. మెట్లు బయటివైతే అమ్మాయి గదికి సరిగ్గా కింద ఉండే చోటు చూడండి.

యాంటెన్నాలు అన్నిటినీ నిటారుగా నిలబెట్టకండి. నిలబెట్టిన యాంటెన్నా నుంచి సిగ్నల్ గారె ఆకారంలో చుట్టూ పక్కలకి వెళ్తుంది. గారెకి మధ్యలో చిల్లు ఉన్నట్టే, యాంటెన్నాకి సరిగ్గా పైనా సరిగ్గా కిందా సిగ్నల్ పలచగా ఉంటుంది. మేడమీదకి కావాలంటే ఒకదాన్ని పక్కకి పడుకోబెట్టండి. లింక్ స్పీడ్ అంకె చూస్తూ ఒకరు పైన, ఒకరు కింద ఫోన్‌లో మాట్లాడుకుంటూ తిప్పితే పది నిమిషాల్లో తేలిపోతుంది.

రౌటర్ జరిపేటప్పుడు ఆ సన్నటి ఫైబర్ వైరు జాగ్రత్త. లోపల ఉన్నది గాజు పోగు. దాన్ని మూలమీద మడతపెట్టినా, బీరువా కాలికింద పడినా వెలుగు లోపలే కారిపోతుంది. ఎర్రగా ఎల్ఓఎస్ దీపం వెలిగిందంటే వెలుగు రావడం లేదని అర్థం. పూర్తిగా తెగకుండా మడతపడి ఉంటే దీపం వెలగకపోవచ్చు, నెట్ మాత్రం పోతూ వస్తూ ఉంటుంది. వైరు చాలకపోతే ఫైబర్ డబ్బాని అక్కడే ఉంచి, దాన్నుంచి లాన్ కేబుల్‌తో రౌటర్‌ని మంచి చోటికి తెచ్చుకోవచ్చు. రెండూ ఒకే డబ్బాలో ఉంటే కంపెనీవాళ్లనే వచ్చి పొడిగించమనండి.

కంప్యూటర్ లోపలి సంగతులు. టెథరింగ్ పరీక్షలో కూడా తక్కువ వచ్చినవాళ్లకి ఇవి ముఖ్యం, మీకూ ఒకసారి చూసుకుంటే నష్టం లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అన్న వరుసమీద నొక్కండి. ఎవరు ఎక్కువ వాడుతున్నారో పైకి వస్తారు. వన్‌డ్రైవ్, గేమ్ అప్‌డేట్లు, విండోస్ అప్‌డేట్, టొరెంట్, వీటిలో ఒకటి ఉంటుంది. విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఉంది. మీ దగ్గర దిగిన అప్‌డేట్లని వేరే కంప్యూటర్లకి పంచిపెట్టే ఏర్పాటు అది, ఆపేయండి.

తర్వాత డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ వైఫై పేరుమీద రెండుసార్లు నొక్కితే పవర్ మేనేజ్‌మెంట్ అన్న ట్యాబ్ ఉంటుంది. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అన్న అర్థం వచ్చే గడిలో టిక్ తీసేయండి. కాసేపు వాడకపోతే నెట్ పోయి మళ్లీ రావడానికి ఇదొక కారణం. డ్రైవర్ విషయంలో, విండోస్ తనంతట తాను వేసిన డ్రైవర్‌తో డాంగిల్ పనిచేస్తుంది కానీ పూర్తిగా పనిచేస్తుందని కాదు. తయారుచేసిన కంపెనీ సైట్ నుంచే మీ మోడల్ నంబర్‌కి సరిపడేది దించుకోండి. డ్రైవర్లు అప్‌డేట్ చేస్తామని చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు, నెట్ స్పీడ్ పెంచుతామనే బూస్టర్లు దయచేసి ముట్టుకోవద్దు. అమ్మాయి చదువుకునే కంప్యూటర్ అది, వాటితోపాటు ఏం లోపలికొస్తుందో తెలియదు. డీఎన్ఎస్ 8.8.8.8 అనో 1.1.1.1 అనో మార్చమని చాలామంది చెబుతారు. సైటు పేరుని అడ్రసుగా మార్చే పని అది, పేజీ తెరుచుకోవడం మొదట్లో కాస్త తొందరపడొచ్చు. మీ 7ని అది 8 కూడా చేయదు.

ఇది ల్యాప్‌టాప్ వాడేవాళ్లకి: సర్వీసుకి ఇచ్చి తెచ్చుకున్న తర్వాతే వైఫై తగ్గిందంటే, లోపల వైఫై కార్డుకి ఉండే రెండు సన్నటి యాంటెన్నా వైర్లలో ఒకటి పెట్టడం మర్చిపోయి ఉంటారు. ఆవగింజంత బటన్‌లాంటి కనెక్టర్ అది, సులువుగా ఊడుతుంది. రౌటర్ పక్కన కూర్చుంటే బాగానే ఉంటుంది, పక్కగదికి వెళ్లగానే చచ్చిపోతుంది. ఇచ్చిన చోటికే తీసుకెళ్లి విప్పి చూడమనండి.

క్లాసులో మాట తెగడం గురించి ఇంకో మాట. వీడియో క్లాసుకి అసలు పెద్ద స్పీడ్ అక్కర్లేదు, 3, 4 ఎంబీపీఎస్ ఆగకుండా వస్తే చాలు. తెగుతోందంటే స్పీడ్ కన్నా నిలకడ లేకపోవడమే కారణం. దీన్ని కనిపెట్టడానికి పింగ్ ఉంది, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూపే కమాండ్. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఇంగ్లీషు అక్షరాల్లో పింగ్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, రౌటర్ అడ్రసు కొట్టి (చాలా ఇళ్లలో 192.168.1.1), మళ్లీ ఖాళీ వదిలి, అడ్డగీత, టి కొట్టి ఎంటర్ నొక్కండి. వరసగా మిల్లీసెకండ్లు చూపిస్తుంది. ఈ పరీక్ష మీ రౌటర్ దాకానే వెళ్లి వస్తుంది, బయటి నెట్‌తో సంబంధం లేదు. అన్నీ 2, 3, 5 ఇలా ఉంటే గాలిలో అంచె బాగున్నట్టు. మధ్యమధ్యలో 200, 600, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వస్తే ఇంట్లోనే తెగుతోందని రుజువు. అలా కాక రౌటర్ పింగ్ సాఫీగా ఉండి క్లాసు తెగుతుంటే, అదే కమాండ్‌లో అడ్రసు బదులు 8.8.8.8 పెట్టి చూడండి. అక్కడ గెంతులు కనిపిస్తే బయట తెగుతోంది.

కంపెనీవాళ్లకి ఫోన్ చేయాల్సి వస్తే ఈ అంకెలతోనే మాట్లాడండి. ‘నెట్ స్లోగా ఉంది’ అంటే రౌటర్ ఆపి ఆన్ చేయమంటారు, అంతే. ‘లాన్ కేబుల్ మీద రాత్రి 8 గంటలకి 15 వచ్చింది, మధ్యాహ్నం 92 వచ్చింది, నా దగ్గర ఫొటో ఉంది’ అంటే మాట మారుతుంది. ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో మీ ఇంటికి చేరే వెలుగు బలం, ఎన్ని డీబీఎంలు ఉందో చూడమనండి. మైనస్ 28కి దగ్గరగా ఉంటే వెలుగు చాలట్లేదు, మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తప్పకుండా తీసుకోండి. దానికి సరైన జవాబు రాకపోతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీలోనూ అప్పీలు అధికారి ఉండాలి, ఆ నంబర్ ఉంటేనే అక్కడికి వెళ్లగలరు. నెలాఖరులోనే నెమ్మదిస్తుంటే ప్లాన్ డేటా హద్దు అయిపోయిందేమో కూడా చూసుకోండి. అన్‌లిమిటెడ్ అన్న ప్లాన్లలో కూడా 3300 జీబీ లాంటి హద్దులు ఉంటాయి, అది దాటాక స్పీడ్ తగ్గించేస్తారు.

షాపులో రిపీటర్ కూడా చూపిస్తారు. ఒకే రేడియోతో విని, మళ్లీ అదే రేడియోతో చెప్పే చౌక రిపీటర్‌లో స్పీడ్ సగమవుతుంది, పైగా దాన్ని సిగ్నల్ అందని గదిలో పెడితే అందని సిగ్నల్‌నే పెద్దది చేసి చెబుతుంది. మీకు అవసరం లేదు.

ఆ 4 వేలు ఖర్చుపెట్టి తీరాలనుకుంటే నేను చేయించేది వేరు: రౌటర్ నుంచి మేడమీద గదికి ఒక లాన్ కేబుల్. డెస్క్‌టాప్‌కి అంతకంటే మంచి మందు లేదు. పొరుగువాళ్ల రౌటర్లతో, స్లాబుతో, బీరువాతో దానికి పని లేదు. క్యాట్ 6 కేబుల్ తీసుకోండి, 100 మీటర్ల దాకా 1000 ఎంబీపీఎస్ మోస్తుంది. చౌకగా దొరికేవాటిలో అల్యూమినియం తీగకి పైన రాగి పూత ఉంటుంది, కత్తిరించి కొనను గీకి చూస్తే తెల్లగా కనిపిస్తుంది. అది వద్దు, పూర్తి రాగిదే అడగండి. క్లిప్పులు కొట్టేవాళ్లు కొందరు లోపలి ఎనిమిది తీగల్లో నాలుగే బిగిస్తారు. నెట్ వస్తుంది కానీ ఎప్పటికీ 100 దాటదు, రేపు ప్లాన్ పెంచుకుంటే అప్పుడు తెలుస్తుంది. పారదర్శకంగా ఉండే క్లిప్పులోకి చూసి ఎనిమిది రంగులూ చివరిదాకా వచ్చాయో లేదో అక్కడే లెక్కపెట్టండి. కరెంటు వైర్లు ఉన్న పైపులోంచి మాత్రం లాగనివ్వకండి, అది ప్రమాదం.

ఈ రాత్రికి మీరు చేయాల్సినవి మూడే. టెథరింగ్ మీద ఎంత వచ్చిందో, డాంగిల్ లింక్ స్పీడ్ సీపీయూ వెనక ఎంత ఉందో, ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో టేబుల్ మీదకి తెచ్చాక ఎంత అయిందో రాయండి. కేబుల్ రేపటిగ్గానీ దొరకదంటే, ఉన్న డాంగిల్‌నే సీపీయూ ముందువైపు పోర్టుకి మార్చి ఆ అంకె రాయండి, కొంత తేడా అక్కడే కనిపించాలి. ఆ మూడు అంకెలు చూశాక అడాప్టర్ కొనాలో, కేబుల్ లాగించాలో కచ్చితంగా చెబుతాను. ఈలోగా అమ్మాయి క్లాసు ఆగక్కర్లేదు. క్లాసు మొదలయ్యే పది నిమిషాల ముందు ఫోన్‌ని వైరుతో కంప్యూటర్‌కి కలిపి టెథరింగ్ ఆన్ చేసివ్వండి. క్లాసు అయ్యేదాకా ఫోన్ ఛార్జింగ్ కూడా అవుతూ ఉంటుంది.